టర్న్ ఏం పాపం చేసిందిరా?

మన ఎనిమిదో తరగతి గదికి రెండు ఫ్యాన్లు, ఒకటే స్విచ్చు బోర్డు. "ఆఫ్ ద ఫ్యాన్" అని ఎవరో ఒకరు అనని రోజు ఉండేది కాదు. అది చెవిన పడగానే ఇంగ్లీషు మాస్టారు సుద్దముక్క బల్ల మీద పెట్టి, "టర్న్ ఏం పాపం చేసిందిరా, దాన్ని బయట నిలబెట్టారు?" అనేవారు. తెలుగులో ఆన్ చెయ్యి, ఆఫ్ చెయ్యి అంటాం కదా, అందులోంచి 'చెయ్యి' తీసేస్తే ఇంగ్లీషు అయిపోతుందని మన లెక్క. అనాల్సింది "టర్న్ ఆఫ్ ద ఫ్యాన్". పక్క సెక్షన్ వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి "క్లోజ్ ద లైట్" అనేవారు.

మన విశాఖపట్నం బడి పూర్వ విద్యార్థుల సంచికకి ఏదైనా రాయమన్నారు. కబడ్డీ పోటీల గురించీ యానివర్సరీ నాటకాల గురించీ రాసేవాళ్లు చాలామందే ఉంటారు. నేను మాస్టారి ఫ్రేజల్ వెర్బ్స్ క్లాసుల గురించి, అంటే టర్న్ ఆఫ్, గివ్ అప్ లాంటి జత మాటల క్లాసుల గురించి రాస్తున్నాను.

ఆయన మనకి జాబితా ఇచ్చింది లేదు. గైడులో ఒకవైపు గివ్ అప్, ఇంకోవైపు 'మానుట' అని ఉండేది. అది తెస్తే తీసి సొరుగులో పడేసేవారు. బడికి వచ్చే దారిలో జరిగిన సంగతి ఒక్కటి వాక్యంగా చెప్పాలి, అంతే. కంచరపాలెం నుంచి వచ్చే అమ్మాయి వీధి కుళాయి దగ్గర క్యూ గురించి చెప్పింది: "బిఫోర్ అవర్ టర్న్, ద వాటర్ రాన్ అవుట్." జాలరిపేట కుర్రాడు, క్లాసులో నోరు విప్పనివాడు, ఒకరోజు లేచి, "ద బోట్ సెట్ అవుట్ ఎట్ త్రీ. ద ఇంజిన్ బ్రోక్ డౌన్. దే టర్న్‌డ్ బ్యాక్" అన్నాడు. మాస్టారు ఆ మూడు వాక్యాలూ బోర్డు మీద ఓ మూల రాసి, చుట్టూ గీత గీసి, చెరపొద్దని లెక్కల మాస్టారికి కూడా చెప్పారు. వారమంతా అవి అక్కడే ఉన్నాయి. నా దృష్టిలో ఏ టెక్స్టుబుక్కులోనూ అంత మంచి పాఠం లేదు.

అన్నిటికన్నా బాగా గుర్తున్నది ముగ్గురిని బోర్డు ముందు నిలబెట్టిన క్లాసు. ఒకడి చేతిలో 'పిక్' అని రాసిన అట్ట, ఇంకొకడికి 'అప్', మూడోవాడికి 'మై బ్రదర్'. మై బ్రదర్ అటు చివర నిలబడినా సరే, ఇద్దరి మధ్యలో దూరినా సరే. పిక్ అప్ మై బ్రదర్, పిక్ మై బ్రదర్ అప్, రెండూ ఒప్పే. తర్వాత ఆ అట్ట తిప్పించారు. వెనక 'హిమ్' అని ఉంది. ఇప్పుడు వాడికి చివర చోటు లేదు. మధ్యలోకి రావాల్సిందే: పిక్ హిమ్ అప్. "పిక్ అప్ హిమ్ అన్నవాడు బస్సుల కాంప్లెక్సు దాకా నడిచి పోవాలి" అన్నారు మాస్టారు. ఆ వెంటనే ఇంకో జంటని పిలిచారు, 'లుక్', 'ఆఫ్టర్'. వాళ్లిద్దరూ చేతులు పట్టుకుని నిలబడాలి. ఎవరొచ్చినా మధ్యలోకి రానివ్వకూడదు. లుక్ ఆఫ్టర్ హిమ్, లుక్ ఆఫ్టర్ మై బ్రదర్, అంతే. ఏది విడిపోతుందో ఏది విడిపోదో వినగా వినగా పట్టుబడాల్సిందే, దీనికి అడ్డదారి లేదు.

"మర్చిపోయాను మాస్టారూ" అంటే, "మర్చి ఎక్కడికి పోయావురా?" అనేవారు. మర్చిపోవడంలో పోవడం లేనట్టే గివ్ అప్‌లో ఇవ్వడమూ లేదు, పైకీ లేదు. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువు ముందుమాటలోనే ఇంగ్లీషు నేర్చుకునే విదేశీయులకి ఎక్కువ కష్టం ఈ జత మాటలతోనే అని రాశాడని కూడా ఆయనే చెప్పారు. అందులో టేక్ ఆఫ్‌కి ఇచ్చిన అర్థం అనుకరించడమట. ఆ మర్నాటి నుంచీ మాస్టారి నడకని టేక్ ఆఫ్ చేసేవాళ్లు క్లాసులో ఎక్కువైపోయారు.

లాకప్, మేకప్, చెకప్ మనకి పుట్టుకతో వచ్చిన మాటలే. అయితే నామవాచకంగా అన్నప్పుడు బరువు మొదట పడుతుంది, క్రియగా అన్నప్పుడు వెనక్కి జరుగుతుంది. మాస్టారు స్కేలుతో బల్ల మీద కొట్టి చూపించేవారు. పోలీసు లాకప్ అన్నప్పుడు 'లాక్' దగ్గర దెబ్బ, "లాక్ అప్ ద షాప్" అన్నప్పుడు 'అప్' దగ్గర.

తర్వాత నేను ఓడల మరమ్మతు పనిలో పడ్డాను. అక్కడ ఈ జత మాటలు లేనిదే పొద్దు గడవదు. జెట్టీకి తాళ్లతో కట్టేస్తే టై అప్, తాళ్లు విప్పేస్తే క్యాస్ట్ ఆఫ్, నీళ్లలోకి దింపిన ఓడకి లోపలి పనులన్నీ పూర్తి చెయ్యడం ఫిట్ అవుట్. మనం పోస్ట్‌పోన్ అంటాం, ఫోనులో అవతలి ఇంగ్లీషాయన పుట్ ఆఫ్ అంటాడు. మనం టాలరేట్ అంటాం, ఆయన పుట్ అప్ విత్ అంటాడు. చదువుకున్నవాళ్లకి పెద్ద మాటలే తేలిక, చిన్న మాటల దగ్గరే టెన్షన్. మా ఆఫీసు మెయిళ్లలో "కోప్ అప్ విత్" అని రాసేవాళ్లకి కొదవ లేదు. కోప్ విత్ చాలు, అక్కడ అప్‌కి పని లేదు. ఫ్యాను దగ్గర టర్న్‌ని బయట నిలబెట్టినవాళ్లే ఇక్కడ పిలవని అప్‌ని లోపలికి తెచ్చి కూర్చోబెట్టారు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి దగ్గరే తీరం దాటింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, చెట్లన్నీ రోడ్ల మీదే. సిగ్నల్ తగిలిన వెంటనే విదేశంలో ఉన్న క్లయింటుకి మెసేజ్ పెట్టాను: "ద ట్రీస్ కేమ్ డౌన్. ద పవర్ వెంట్ ఆఫ్. వుయ్ వర్ కట్ ఆఫ్. ద షాప్స్ హావ్ రన్ అవుట్ ఆఫ్ క్యాండిల్స్. వుయ్ ఆర్ క్లియరింగ్ అప్." డివాస్టేషన్ లాంటి మాటలు పేపర్లవాళ్లకి వదిలేశాను. ఆయన నుంచి వచ్చిన జవాబు రెండే మాటలు: హ్యాంగ్ ఆన్. ఉరేసుకోమన్నాడా అని మా స్టోర్స్ గుమస్తా కంగారు పడ్డాడు. ఓపిక పట్టు, నిలదొక్కుకో అని చెప్పేసరికి టీ తాగడానికి వెళ్లాడు.

ఈ సంచిక ఆహ్వానం డ్రాఫ్టు వాట్సాప్ గ్రూపులో పెట్టినప్పుడు అందులో "పాస్ అవుట్ అయిన విద్యార్థులందరికీ" అని ఉంది. ఇంగ్లండులో పాస్ అవుట్ అయ్యాడంటే కళ్లు తిరిగి పడిపోయాడని అర్థం, మార్చండి అన్నాను. నేవీలో చేసి రిటైరైన మనవాళ్లు వెంటనే మీద పడ్డారు: పాసింగ్ అవుట్ పరేడ్ మాటేమిటి? అదీ నిజమే. సైన్యంలో, పోలీసుల్లో శిక్షణ ముగిస్తే అక్కడా పాస్ అవుట్ అనే అంటారు. దాన్ని బడికీ కాలేజీకీ అంటగట్టింది మనమే. రాత్రి పదకొండు దాకా వాదించుకున్నాం. చివరికి తెలుగు వైపు "చదువు పూర్తి చేసుకున్న" అని మార్చారు. ఇంగ్లీషు పేజీ అప్పటికే ప్రెస్సుకి వెళ్లిపోయిందట.