కుక్కలెన్ని పెట్టినారు?

తోడేలుకు పనులు అప్పజెప్పడమే నా ఉద్యోగం. కెనడాలోని మాంట్రియల్‌లో ఒక గేమ్ స్టూడియోలో క్వెస్ట్ డిజైనర్‌ని. ఆటలో ఆటగాడు చేయాల్సిన పనినే క్వెస్ట్ అంటారు. అమెరికాలోని ఎల్లోస్టోన్ అడవిలో ఆటగాడు తోడేలుగా పుట్టి, పెరిగి, జోడు వెతుక్కుని, పిల్లల్ని సాకి, ముసలిదై పోయేదాకా సాగే ఆట మాది. ఆ బతుకును దశలుగా విడగొట్టి, ఏది జరిగితే తర్వాతి దశ తెరుచుకోవాలో రాసే లెక్క నాది. జంతువుల ఆట అంటే చిన్నపిల్లల వ్యవహారం అనుకుంటారు గానీ, మా మీటింగుల్లో జరిగే వాదనలు సంతలో పొట్టేళ్ల బేరాలకేం తీసిపోవు.

సగం పని తోడేలే చేసిపెడుతుంది. అక్కడ ఫిబ్రవరిలో జత కడతాయి, సుమారు 63 రోజులకు, అంటే ఏప్రిల్‌లో ఈనుతాయి. పుట్టిన పిల్లకు కళ్లు కనబడవు, చెవులు వినబడవు. రెండు వారాలకు కళ్లు తెరుస్తుంది, మూడు వారాలకు గుహ బయటికి వస్తుంది, రెండు నెలలకు పాలు మానేస్తుంది. చదవడానికి బాగానే ఉంది. కానీ కళ్లూ చెవులూ పనిచేయని ఆ రెండు వారాలు ఆటగాడి చేత ఏం చేయించాలి? చివరికి తెరను నల్లగానే వదిలేశాం. తల్లి ఒంటి వెచ్చదనం ఎటుందో కంట్రోలర్ అదురు చెబుతుంది, అటు పాకాలి. అంతే క్వెస్ట్. టెన్షన్ పడ్డాం గానీ, ఆడినవాళ్లు విసుక్కోలేదు.

గొడవైంది కక్కు దగ్గర. పెద్ద తోడేలు వేటాడి కడుపు నింపుకుని వస్తుంది. పిల్లలు ఎగబడి దాని మూతి చివర నాకుతాయి. అప్పుడది మాంసం కక్కుతుంది, పిల్లలు తింటాయి. చూడ్డానికి రోతగా ఉంటుంది, తీసేద్దాం, నోట కరుచుకొచ్చినట్టు చూపిద్దాం అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఎందుకంటే అసలు ఆట అక్కడే ఉంది. ఎంత దూరం పోయి వేటాడితే దారిలో అంత అరిగిపోతుంది. పది మైళ్ల అవతల పెద్ద దుప్పి దొరికినా, గుహ చేరేసరికి పిల్లలకు మిగిలేది తక్కువ. దగ్గర్లో చిన్న వేటా, దూరంలో పెద్ద వేటా అనేది ఆటగాడే తేల్చుకోవాలి. కక్కు తీసేస్తే ఈ లెక్కే ఉండదు. ఆ మీటింగులో నెగ్గాను.

గుంపుకు నాయకుడు కావాలంటే కొట్లాడి గెలవాలని ఇంకో క్వెస్ట్ ఉండేది. అది పెద్దగా వాదించకుండానే పోయింది. అడవిలో గుంపంటే చాలావరకు తల్లీ తండ్రీ, వాళ్ల పిల్లలే. కొట్లాడి గెలిచిన నాయకుణ్ని 'ఆల్ఫా' అనేవారు. ఆ మాటకు ఒకప్పుడు ప్రచారం తెచ్చిన తోడేళ్ల శాస్త్రవేత్త డేవిడ్ మీచ్ తానే 1999లో ఆ మాట సరిగ్గా లేదని పేపర్ రాశాడు. ఆ క్వెస్ట్ స్థానంలో, నిరుడు పుట్టిన అక్కాఅన్నలు చిన్నపిల్లల్ని చూసుకునే పని పెట్టాం.

చావు విషయం మాత్రం తెగలేదు. ఆటగాడు తప్పు చేస్తేనే పిల్ల చావాలని పైవాళ్ల పట్టు. లేకపోతే రివ్యూల్లో తిడతారట. ఎల్లోస్టోన్‌లో 1999, 2005, 2008లో డిస్టెంపర్ వచ్చి, ఆ ఏళ్లలో పిల్లలు బాగా చనిపోయాయి. ఊరకుక్కలకు వచ్చే జబ్బే అది. తల్లి ఎంత బాగా సాకినా ఆగదు. ఆ జబ్బును ఆటలో పెట్టి, టెస్ట్ బిల్డ్, అంటే పరీక్షించడానికి చేసిన ఆట కాపీ, తీసుకుని శీతాకాలంలో అనంతపురం జిల్లా కళ్యాణదుర్గంలోని మా ఇంటికి వచ్చాను. ఇంట్లోవాళ్ల చేత ఆడించడానికి పర్మిషన్ కూడా అడిగాను. మాంట్రియల్‌లో పొద్దున తొమ్మిదికి మాకు రాత్రి ఏడున్నర. భోజనాల వేళకు లాప్‌టాప్ తెరిస్తే, అక్క కొడుకు పక్కన తయారు.

ఆటలో వాడి తోడేలు పిల్లల్లో రెండు దగ్గి దగ్గి చనిపోయాయి. వాడు ఆట ఆపి, వెనక్కి పోయి, ఏ గుహ ఎంచుకున్నాడో, ఎన్నిసార్లు మేపాడో మొత్తం వెతికాడు. "నేనేం తప్పు చేసినా మామా?" అన్నాడు. మంచం మీద నుంచి నాయన అందుకున్నాడు. "రోగమొస్తే పోతాయిరా. నీలినాలుక వచ్చిన ఏడు మన జీవాలు పోలేదా? మీ అవ్వ ఏం తప్పు చేసింది?" వాడు ఆలోచించి మళ్లీ మిగిలిన మూడు పిల్లల దగ్గరికి పోయాడు. నాకు కావలసింది దొరికింది. పిల్ల చనిపోయినప్పుడు తెర మీద వచ్చే "విఫలం" అన్న మాటను ఆ రాత్రే తీసేశాను. మిగతా పిల్లలతో క్వెస్ట్ ఆగకుండా నడుస్తుంది. సమస్య చావులో లేదు, ఆ ఎర్ర అక్షరాల్లో ఉంది.

గుంపు వదిలి పోయే క్వెస్ట్‌కు దారి బాణం పెట్టలేదు. ఓఆర్-7 అనే తోడేలు 2011 సెప్టెంబరులో ఒరెగాన్‌లో పుట్టిన గుంపును వదిలి, డిసెంబరు చివర్లో కాలిఫోర్నియాలో అడుగుపెట్టింది. 1924 తర్వాత ఆ రాష్ట్రంలో తోడేలు జాడ దొరకడం అదే మొదటిసారి. దానికి ఎవరు బాణం చూపించారు? ఇది నీ కథే కదా అని ఆఫీసులో ఒకరు నవ్వారు. నాకు వర్క్ పర్మిట్ ఉంది, దానికి అదీ లేదు అన్నాను.

నాయనకు ఇవేవీ పట్టలేదు. తోడేలును హీరో చేయడమే ఆయనకు మింగుడుపడదు. ఎల్లోస్టోన్ తోడేలుకు దుప్పులున్నాయి. మా దిక్కు తోడేలు బక్కది, అడవి కూడా లేదు దానికి. గుట్టల్లో, బీళ్లల్లో, జీవాలు మేసే చోటే దాని బతుకు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని మొదటి షెడ్యూల్లో పెట్టి కాపాడుతుంది. పోయిన గొర్రెపిల్ల లెక్క కాపరిది. అయినా ఆట చివర్లో అడవి దాటి పశువుల కొట్టాల దగ్గరికి పోయే క్వెస్ట్ చూపిస్తే, కళ్లద్దాలు పెట్టుకుని దగ్గరికి జరిగాడు.

"కుక్కలెన్ని పెట్టినారు?"

ఒక్కటీ పెట్టలేదు. మనిషి, తుపాకీ, కంచె ఉన్నాయి.

"కుక్కల్లేకుండా గొర్రెల మంద ఏందిరా?" అని మొదలుపెట్టి, ఒక తోడేలు ఎదురుగా కనబడి కుక్కల్ని గుట్ట మీదికి లాక్కుపోతుందని, రెండోది గాలికి ఎదురుగా వెనక నుంచి వచ్చి పిల్లను ఎత్తుకుపోతుందని, అందుకే తెలిసిన కుక్క ఒకటి ఎంత మొరిగినా మందను వదిలి కదలదని చెప్పుకొచ్చాడు. ఫోన్లో రికార్డు చేసి, ఇంగ్లీషులో రాసి పంపాను. ఆటగాడు కుక్కల్ని లాక్కుపోవాలా, పిల్లను ఎత్తుకుపోవాలా, జోడుకు ఏ పని వదలాలి? ఇద్దరి పని ఉన్న క్వెస్ట్ మా ఆటలో అప్పటిదాకా లేదు. అందరికీ నచ్చింది. కుక్క నడక, పరుగు, మొరుగు అన్నీ కొత్తగా చేయాలి కాబట్టి తర్వాతి అప్‌డేట్‌కు వాయిదా వేశారు.

నాయన మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా బాగున్నావా అని అడగడం మానేసి, "కుక్కలొచ్చినాయా?" అంటున్నాడు.