ఏడు చేపల కథతో ఇంగ్లీషు

మూడో తరగతి పిల్లలకి ఇంగ్లీషులో కథ చెప్పాలంటే కొత్త కథ కోసం వెతకొద్దు అంటాను నేను. వాళ్ళకి బాగా తెలిసిన కథే తీసుకోండి. నేనైతే ఎప్పుడూ ఏడు చేపల కథతోనే మొదలుపెడతాను. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్ళడం, ఏడు చేపలు తేవడం, అందులో ఒకటి ఎండకపోవడం ఇదంతా చాలామందికి నోటికి వచ్చు, రానివాళ్ళకి ముందు తెలుగులో ఒకసారి చెప్తే సరిపోతుంది, కాబట్టి కథ అర్థమవుతుందో లేదో అన్న టెన్షన్ నాకూ ఉండదు, వాళ్ళకీ ఉండదు.

ఈ కథలో సుఖం ఏంటంటే అడిగిందే మళ్ళీ మళ్ళీ అడుగుతాం. "ఫిష్, ఫిష్, వై డిడ్‌న్ట్ యూ డ్రై?" అంటే గడ్డిమేటు అడ్డమొచ్చిందంటుంది. గడ్డిమేటుని అడిగితే ఆవు మేయలేదంటుంది. "కౌ, కౌ, వై డిడ్‌న్ట్ యూ ఈట్?" పాలేరు మేపలేదు. పాలేరుకి అవ్వ బువ్వ పెట్టలేదు. అవ్వ దగ్గర పిల్లాడు ఏడ్చాడు, వాణ్ణి చీమ కుట్టింది. చూడండి, మేయలేదు, మేపలేదు, పెట్టలేదు అన్నచోటల్లా డిడ్‌న్ట్ వస్తుంది, ఎందుకు ఏడ్చావు, ఎందుకు కుట్టావు అన్నచోట ఉత్త డిడ్ వస్తుంది, రెండూ ఒకే కథలో, ఎవరూ కష్టపడి ఇరికించకుండానే! చీమ దాకా వచ్చేసరికి నేను అడగక్కర్లేదు, వెనక కూర్చున్నవాళ్ళే "ఆంట్, ఆంట్" అని అరుస్తుంటారు. ఇదే విషయాన్ని బోర్డు మీద రూల్‌గా రాయిస్తే మాత్రం "వై యూ డిడ్‌న్ట్ కేమ్" లాంటి తప్పు హైస్కూలు దాకా వెంట వస్తుంది.

"నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అన్న ఒక్క మాట మాత్రం తెలుగులోనే అననిస్తాను. ఆ నవ్వు పోగొట్టి ఇంగ్లీషు నేర్పడం నాకిష్టం లేదు.

మధ్యలో ఆపి మీనింగులు రాయించను. దీనికి తల్లిదండ్రులు ఒప్పుకోరు, నోట్సులో ఏమీ లేదేంటండీ అంటారు. సరే, వాళ్ళ కోసం ఒక బొమ్మ వేయించి కింద రెండు వాక్యాలు రాయిస్తా.

2020-21 నుంచి ఆంధ్రలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగుగా ఉండే పాఠ్యపుస్తకాలు వచ్చాయి కదా. ఆలోచన మంచిదే, కాకపోతే రెండూ పక్కపక్కనే ఉంటే పిల్లాడి కన్ను తెలుగు పేజీ మీదికే పోతుంది, నేనైనా అంతే చేస్తాను. కథల విషయంలో అందుకే ఇవాళ తెలుగు, రేపు ఇంగ్లీషు అని ఎడం పెడతాను. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్ ఇందుకు బాగా పనికొస్తుంది, ఒకే కథ రెండు భాషల్లోనూ ఉచితంగా దొరుకుతుంది, కథలు నాలుగు స్థాయిలుగా విడగొట్టి ఉంటాయి. కొన్నిటి తెలుగు మరీ బిగుసుకుపోయి ఉంటుంది, ముందు మీరు పైకి చదివి చూసుకోండి.

కథ అయ్యాక నీతి అడగను. తప్పెవరిది అని అడుగుతా. అప్పుడు చూడాలి గొడవ, సగం ఇంగ్లీషు సగం తెలుగు. ఆ తర్వాత వాళ్ళనే ఒక గొలుసు కట్టమంటా. "బస్, బస్, వై డిడ్‌న్ట్ యూ కమ్?" అని మొదలుపెడతారు. టైర్ పంక్చర్ అంటాడు ఒకడు, టైర్‌ని అడిగితే మేకు, మేకుని అడిగితే మా మావయ్య ఇల్లు కడుతున్నాడు అని ఇంకొకడు.