ఫ్రొమాజ్‌కి ఎన్ని చప్పట్లు?

మా అమ్మాయి ఇక్కడ ఫ్రాన్సులో సే పే చదువుతోంది. మన ఒకటో తరగతి అనుకోండి. మొన్న బడి నుంచి ఒక కాగితం తెచ్చింది: ఫ్రొమాజ్, విలాజ్, గరాజ్, న్యువాజ్, ప్లాజ్. అంటే చీజు, ఊరు, గ్యారేజి, మబ్బు, బీచి. అన్నిటికీ తోక ఒకటే, "ఆజ్". (ప్లాజ్ ఒక్కటే స్త్రీలింగం, మిగతావన్నీ పుంలింగం. ఎందుకని నన్నడక్కండి.) ఒక్కో మాటనీ ముక్కలు చేసి, ముక్క ముక్కకీ కింద ఊయల లాంటి గీత గీయాలి.

"చప్పట్లు కొట్టి లెక్కపెడదాం" అన్నాను. తను ఫ్రొ, మాజ్ అని రెండు కొట్టింది. నేను ఫ్రొ, మా, జు అని మూడు కొట్టాను.

"ఆ జు ఎక్కణ్ణుంచి వచ్చిందమ్మా?"

గుంటూరు నుంచి వచ్చింది. బస్సు, కారు, పెన్ను అంటూ పెరిగిన నోరు. చివర అచ్చు పడకపోతే మాట గాల్లో వేలాడుతున్నట్టే ఉంటుంది.

అయితే నాది పూర్తిగా తప్పూ కాదు. రాతలో చివర ఒక మూగ అచ్చు ఉంది. కాగితం మీద ముక్కలు చేస్తే ఫ్రొ-మా-జ, మూడు. నోటితో అంటే రెండు. కొన్ని వాచకాల్లో పిల్లలు పొరబడకుండా పలకని అక్షరాలని బూడిద రంగులో వేస్తారు. పైగా మేముండేది తులూజ్‌లో. ఇక్కడి దక్షిణాది యాసలో ఆ మూగ అచ్చుని మింగెయ్యరు. మా కింది ఇంటి పెద్దావిడ "ఫ్రొమాజ" అని తీరిగ్గా సాగదీస్తుంది. ఆవిడ ముందు నా మూడు చప్పట్లకీ మర్యాద ఉంది.

"మెత్రెస్ రెండే అంది" అని మా పిల్ల తీర్పు. టీచరమ్మ మాటకి ఇంట్లో అప్పీలు లేదు.

ఆ వారమే పద్యం కూడా వచ్చింది. కాకి, నక్క కథ. 1668లో లా ఫోంతేన్ అనే ఫ్రెంచి కవి అచ్చు వేయించింది. మా అమ్మ చెప్పిన కథలో కాకి నోట్లో మాంసం ముక్క. ఇక్కడి కాకికి ఫ్రొమాజ్. దానికి ప్రాసగా లాంగాజ్, తర్వాత రమాజ్, ప్లుమాజ్: మాట, కూత, ఈకలు. అదే హోంవర్కు తోక! వింత ఏమిటంటే, పద్యంలో ఆ మూగ అచ్చు తర్వాత హల్లు వస్తే లేచి కూర్చుంటుంది. మె-త్ర-కోర్-బో (కాకిగారు అని), నాలుగు. పాదం చివర ఫ్రొమాజ్ దగ్గర మళ్ళీ పడుకుంటుంది, లెక్కలోకి రాదు.

శనివారం తెలుగు పాఠం. అదే ఊపులో "అమ్మ"ని అమ్, మ అని కోసింది. వాళ్ళ బళ్ళో జంట హల్లుని రాతలో నడిమికి కోస్తారు, విల్-లా-జ అన్నట్టు. "కాదే, అ, మ్మ. ఒత్తుని విడదియ్యకూడదు" అన్నాను. అన్నాక చిన్నప్పటి ఛందస్సు గుర్తొచ్చింది. "అమ్మ"లో అ గురువు. పొట్టి అచ్చుకి ఆ బరువు ఎలా వచ్చింది? ఒత్తులో ఉన్న సగం మకారాన్ని చెవి ముందు అక్షరానికి అంటగడుతుంది గనక. రాతలో నాది, చెవిలో దానిది.

ఇంతలో వీడియో కాల్. "అమ్మమ్మ" అని నేను అ, మ్మ, మ్మ కొట్టాను. తను అమ్, మమ్, మ కొట్టింది. మూడుకి మూడు సరిపోయాయి.

ఫోన్లోంచి మా అమ్మ, "ఏంటే, భజన పెట్టుకున్నారా?" అంది.