బెజవాడ డాస్

మన కాలేజీ బ్యాచ్ మళ్ళీ కలుసుకునే రోజుకి వేస్తున్న సంచిక కమిటీ నుంచి ఫోన్ వచ్చింది. "మన రోజుల గురించి రెండు పేజీలు రాయవే, ఫొటోతో సహా పంపు" అని. ఫొటో అప్పుడే పంపేశాను. మన రోజులన్నిటి గురించీ రాయడం మాత్రం నా వల్ల కాదు. ఫస్టియర్ సంగతులు నూజివీడు ఎలాగూ రాస్తుంది (మనం ఒకరినొకరం ఊళ్ళ పేర్లతోనే పిలుచుకునేవాళ్ళం కదా). ఫిజిక్స్ ల్యాబ్‌లో స్క్రూగేజి కథ ఎవరో ఒకరు రాయకుండా ఉండరు. నాకు కావలసింది కంప్యూటర్ ల్యాబ్, ఆ ల్యాబ్‌లో సార్. ఏ సారో చెప్పక్కర్లేదు కదా. దేనికైనా "ఎవరు చెప్పారు?" అని అడిగే సారే.

1997 అది. బయట అందరూ విండోస్ 95 గురించి మాట్లాడుకుంటుంటే మన ల్యాబ్‌లో డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమే: నల్ల తెర, దాని మీద సీ ప్రాంప్టు, అంటే కమాండు టైప్ చేయమని అడిగే గుర్తు. మీకు విసుగ్గా ఉండేదేమో గానీ నాకు ఆ ప్రాంప్టు అంటే ప్రాణం. ఒక మాట టైప్ చేస్తే జవాబు చెప్పే వస్తువును అంతకు ముందు నేను చూడలేదు. అలాంటిది నేనే ఒకటి టర్బో సీలో, అంటే సీ భాషలో ప్రోగ్రాములు రాసే సాఫ్ట్‌వేర్‌లో, రాయాలనిపించింది. సత్యనారాయణపురంలో మా ఇంట్లో కంప్యూటర్ ఎక్కడిది? రాత్రిళ్ళు లాంగ్ నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో ప్రోగ్రామ్ రాసుకోవడం, మర్నాడు ల్యాబ్ అవర్‌లో బందరు చదివి చెప్తుంటే నేను టైప్ చేయడం. ఆ అవర్‌లో చేయాల్సిన రికార్డు ప్రోగ్రాములు రేపల్లె తనవాటితో పాటు మావీ ప్రింట్ తీసి పెట్టేది. ఆ రుణం ఇంకా ఉంది.

పేరు బెజవాడ డాస్. రన్ చేయగానే తెర తుడుచుకుపోయి, పైన వెర్షన్ లైను, కింద సీ బదులు "బెజవాడ" అని ప్రాంప్టు వచ్చేవి. డీఐఆర్ కొడితే ఫైళ్ళ జాబితా, టైప్ కొడితే ఫైల్లో ఉన్నది, డేట్ కొడితే తేదీ. తెలియని మాట కొడితే అచ్చం డాస్ లాగే "బ్యాడ్ కమాండ్ ఆర్ ఫైల్ నేమ్". లోపల అంతా ఇఫ్, ఎల్స్ ఇఫ్‌ల వరసే. టైప్ చేసిన మాటను ఒక్కొక్క కమాండుతో పోల్చి చూడటం, కలిస్తే ఆ ఫంక్షన్‌కి వెళ్ళడం. పక్క బ్యాచ్ వాళ్ళు అసలు డాస్ అనుకుని దాంట్లోనే పని చేసుకుని వెళ్ళిపోయారంటే చూడండి.

సార్ ల్యాబ్‌లో కూర్చోరు, తిరుగుతూనే ఉంటారు. ఆ రోజు మాత్రం స్టూలు లాక్కుని మా పక్కన కూర్చున్నారు. డీఐఆర్ కొట్టారు. జాబితా వచ్చింది.

"ఈ ఫైళ్ళ పేర్లు నీకు ఎవరు చెప్పారమ్మా?"

"ఫైండ్‌ఫస్ట్, ఫైండ్‌నెక్స్ట్ ఫంక్షన్లు సార్."

"వాటికి ఎవరు చెప్పారు?"

"డాస్ సార్."

"డాస్‌కి ఎవరు చెప్పారు?"

నేను బందరు వైపు చూశాను. బందరు కీబోర్డు వైపు చూసింది.

"ముగ్గు చాలా బాగా వేశావమ్మా. ఇక ఇల్లు కట్టు" అని లేచి బోర్డు దగ్గరికి వెళ్ళారు. ఆ రోజు తను ఎక్కాల్సిన తెనాలి ప్యాసింజర్ వెళ్ళిపోయినా ఆయన కదల్లేదు. మీలో సగం మంది కూడా ఇళ్ళకు పోకుండా నిలబడి విన్నారు, గుర్తుందా?

ఫైళ్ళు దాచుకునే ఫ్లాపీ డిస్కుకి రెండు వైపులు, వైపుకి 80 ట్రాకులు (గుండ్రటి వరసలు), ట్రాకుకి 18 సెక్టార్లు (ముక్కలు), సెక్టారుకి 512 బైట్లు. మొత్తం 14,74,560 బైట్లు. మొదటి సెక్టార్ బూట్ సెక్టార్, కంప్యూటర్ లేచేటప్పుడు ముందు చదివేది. తర్వాత ఏ ఫైలు ముక్కలు ఎక్కడున్నాయో చెప్పే ఫ్యాట్ పట్టిక తొమ్మిదేసి సెక్టార్లలో రెండు కాపీలు. ఆ వెనకే ఫైళ్ళ పేర్ల జాబితా, అంటే రూట్ డైరెక్టరీ, 14 సెక్టార్లు. ఒక్కో ఫైలుకి 32 బైట్లు, అంటే 224 ఫైళ్ళకు చోటు. ఇవన్నీ ఆయన ఏ కాగితమూ చూడకుండా బోర్డు మీద రాశారు. ఇప్పుడు నేనూ చూడకుండానే రాస్తున్నాను.

"డాస్‌ని అడక్కు, బయోస్‌ని అడుగు" అన్నారు. బయోస్ అంటే కంప్యూటర్ చిప్‌లోనే ఉండి డిస్కుతో నేరుగా మాట్లాడే ప్రోగ్రామ్. టర్బో సీలో బయోస్‌డిస్క్ అని ఒక ఫంక్షన్ ఉంది. దానికి హెడ్ 1 (అంటే రెండో వైపు), ట్రాక్ 0, సెక్టార్ 2 అని ఇస్తే రూట్ డైరెక్టరీ మొదటి సెక్టార్ నేరుగా చేతికొస్తుంది. వచ్చింది. పేరుకి ఎనిమిది అక్షరాలు, ఎక్స్‌టెన్షన్‌కి మూడు, మధ్యలో చుక్క లేదు! రోజూ చూసే ఆ చుక్క డిస్కు మీద ఎక్కడా ఉండదని, చూపించేటప్పుడు డాస్ పెడుతుందని అప్పుడు తెలిసింది. తేదీ కూడా రెండు బైట్లలో కుక్కి ఉంది: సంవత్సరానికి ఏడు బిట్లు, అదీ 1980 నుంచి లెక్క, నెలకు నాలుగు, రోజుకి అయిదు. ఆ బిట్లు విడదీసి మొదటిసారి సరైన తేదీ చూసినప్పటి సంతోషం తర్వాత ఏ ప్రమోషన్‌లోనూ నాకు దొరకలేదు.

ఇంకొకటి కూడా బయటపడింది. ఫైలు డిలీట్ చేస్తే డాస్ జాబితాలో దాని పేరు మొదటి అక్షరం తీసి ఈ5 అనే బైటు పెడుతుందంతే. మిగతా పేరు అలాగే ఉంటుంది. అసలు డాస్ వాటిని దాచేస్తుంది, మా బెజవాడ డాస్ దాచలేదు. మొదటి అక్షరం చోట గ్రీకు సిగ్మా గుర్తుతో డిలీట్ చేసినవన్నీ వరసగా వచ్చాయి. అప్పుడు డ్రైవులో ఉన్నది బందరు ఫ్లాపీ. వాటిలో ఒక ఫైలు పేరేమిటో ఇక్కడ రాయను. మన బ్యాచ్‌లో తెలియనివాళ్ళు ఎవరున్నారు గనక!

ప్రాజెక్టు చూపించిన రోజు "ఇది కాపీయే కదా" అన్నారొకరు. సార్ ఒప్పుకోలేదు. గ్యారీ కిల్డాల్ రాసిన సీపీఎం అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ని చూసి 1980లో టిమ్ ప్యాటర్సన్ 86-డాస్ రాశాడని, 1981లో దాన్నే మైక్రోసాఫ్ట్ కొనుక్కుని ఎంఎస్-డాస్ చేసిందని, మినిక్స్ అనే మరో సిస్టమ్ నడుస్తున్న కంప్యూటర్ మీదే లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ మొదలుపెట్టాడని అందరి ముందూ చెప్పారు. చూసి రాయడానికి ప్రయత్నిస్తేనే ఎదుటివాడు పడ్డ కష్టం ఎక్కడుందో తెలుస్తుందని ఆయన నమ్మకం. నాదీ అదే. ఈ రోజుల్లో పిల్లలు ఇలాంటివి చేస్తే "ఉన్నదాన్నే మళ్ళీ చేయడం ఎందుకు" అంటున్నారు పెద్దవాళ్ళు. దయచేసి అలా అనకండి.

చివర్లో డాస్ లేకుండానే ఫ్లాపీతో కంప్యూటర్ లేచేట్టు కూడా చేశాం. డాస్‌తో వచ్చే డీబగ్ అనే ప్రోగ్రామ్‌లో రాసి మొదటి సెక్టార్లో పెట్టిన కొన్ని లైన్లు, ఆఖరి రెండు బైట్లు 55, ఏఏ, అంటే దీనితో లేవొచ్చని బయోస్‌కి గుర్తు. తెర మీద "బెజవాడ" అని వచ్చి ఆగిపోయేది. అంతకు మించి ఏమీ చేయదు. అయినా ఆ మెషీన్లో అప్పుడు నడుస్తున్నది మేం రాసిన ప్రోగ్రామే.

మూడో సంవత్సరంలో మిగతా ఏం జరిగిందో నాకు నిజంగా గుర్తులేదు. ప్రస్తుతం బెంగళూరులో ఉంటున్నాను. కార్లలో ఉండే చిన్న బోర్డులకు, కరెంటు అందగానే అన్నిటికంటే ముందు నడిచే ప్రోగ్రామ్ రాసే బృందాన్ని నడుపుతున్నాను. పిచ్చి నోట్‌బుక్కులని ఏనాడూ పాత పేపర్లకు వేయని మా అమ్మ ఈ మధ్య మా కారు డ్యాష్‌బోర్డు తడిమి "ఇందులో నువ్వు రాసింది ఎక్కడుంటుందే?" అని అడిగింది. కొత్తగా చేరిన పిల్లలకు నేనిచ్చే మొదటి పని, ఒక మెమరీ కార్డులోని డైరెక్టరీని లైబ్రరీ ఏదీ వాడకుండా చదవడం. ఆ కార్డు మొదటి సెక్టార్ చివర ఇప్పటికీ 55, ఏఏ ఉంటాయి.

కమిటీకి ఒక విన్నపం. కలుసుకునే రోజున సార్‌ని తెనాలి నుంచి తీసుకొచ్చే కారు నాది, ఇంకెవరికీ అప్పజెప్పకండి. నా దగ్గర యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ ఉంది, పట్టుకొస్తాను. పాత ఫ్లాపీలు అటకల మీద ఉన్నవాళ్ళు దించి తీసుకురండి. బందరూ, ముందు నీది పెడదాం.