గరిక, తుంగ పట్టిన నేలలో కూరగాయల మడి

హనుమకొండ శివారులో మా ఇంటి వెనుక ఉన్న 200 గజాల ఎర్ర చెలక నేల ఈనాడు కూరగాయల తోటగా మారింది. అది చూసిన బంధుమిత్రులు, ముఖ్యంగా ఎక్కడో ఒక ప్లాటు కొని గడ్డికి వదిలేసినవారు, అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: గడ్డి చావడానికి ఏ మందు కొట్టారు? ఏ మందూ కొట్టలేదు, కొట్టవలసిన అవసరమూ రాలేదు. గడ్డిని చంపడం వేరు, గడ్డికి వెలుతురు అందకుండా చేయడం వేరు. ఈ రెండవ మార్గం నిదానమైనదే అయినా, అది నడుస్తున్నంత కాలమూ నేల బాగుపడుతూనే ఉంటుంది. మందు కొట్టిన నేలకు ఆ మేలు జరగదు. ఎవరికి వారికి విడివిడిగా చెబుతూ వచ్చిన సంగతులను ఒకచోట రాసి పెడితే మేలనిపించింది.

ముందుగా ఆ మందు విషయం. ఊళ్లలో 'గడ్డి మందు' అని అమ్మేవాటిలో ఒకటి గ్లైఫోసేట్. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో దీనిని మనుషులలో బహుశా క్యాన్సర్ కలిగించగల పదార్థాల జాబితాలో చేర్చింది. పురుగు నివారణ పని చేసే పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇతరులెవరూ దీనిని వాడరాదని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. అయినా ఇంటి పెరటిలో, పిల్లలు చెప్పులు లేకుండా తిరిగే చోట, రేపు తోటకూర విత్తబోయే మట్టి మీద దీనిని కొట్టేవారిని నేను చూస్తూనే ఉన్నాను. పైగా మందు కొట్టి గడ్డిని ఎండబెట్టిన నేల బోసిగా మిగులుతుంది. తొలకరి పడగానే ఆ బోసి నేలలోనే, మట్టిలో దాగి ఉన్న విత్తనాలన్నీ ఒక్కసారిగా లేస్తాయి. కలుపు ఉండటం కంటే నేల బోసిగా ఉండటమే అసలు రోగమని నేను గట్టిగా నమ్ముతాను.

మన ప్రాంతపు ఖాళీ స్థలాలలో పెరిగే గడ్డిని అంతటినీ ఒకే తీరుగా చూడకూడదు. మా స్థలంలో ప్రధానంగా మూడు రకాలు ఉండేవి. గరిక నేల మీద పాకుతుంది, నేల లోపలా పాకుతుంది. కణుపు కణుపుకూ వేరు దిగుతుంది కాబట్టి పారతో నరికిన ప్రతి ముక్కా మరో మొక్క అవుతుంది. కాని దానికి మంచి ఎండ కావాలి, నీడ పడితే క్షీణిస్తుంది. తుంగ ఇంకా మొండిది. దాని బలమంతా నేల లోపల, గొలుసులా ఒకదానికొకటి అంటుకొని ఉండే గడ్డలలో ఉంటుంది. పై ఆకును ఎన్నిసార్లు పీకినా గడ్డ నుంచి మళ్లీ మొలక వస్తుంది. ట్రాక్టరుతో దున్నిస్తే ఆ గొలుసులు తెగి, గడ్డలు స్థలమంతటా చెదిరి, మొదటి కంటే ఎక్కువ దట్టంగా లేస్తాయి. మూడవది వయ్యారిభామ, మా వైపు కాంగ్రెస్ గడ్డి అంటారు. ఇది గడ్డి జాతిది కాదు, గింజతోనే వ్యాపించే మొక్క. మన దేశంలో 1950ల నడుమ పుణె ప్రాంతంలో మొదట గుర్తించిన ఈ మొక్క ఇప్పుడు ప్రతి రోడ్డు పక్కనా ఉంది. ఒక్కో మొక్క 10,000కు పైగా గింజలను రాల్చగలదు. దీని పుప్పొడి, ఆకుల నూగు చర్మానికి, ఊపిరికి కీడు చేస్తాయి.

కాబట్టి ఒక్కొక్కదానికి ఒక్కో పద్ధతి. వయ్యారిభామను పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతులకు తొడుగులు వేసుకొని, ముక్కుకు గుడ్డ కట్టుకొని వేళ్లతో సహా పీకాలి. పూత లేని మొక్కను కంపోస్టు గుంతలో వేయవచ్చు. పూత వచ్చినదానిని మాత్రం అందులో వేయకూడదు. దీనిని పీకిన చోటును ఖాళీగా వదలక తంటెం గింజలు చల్లితే, ఆ మొక్కలు గుబురుగా పెరిగి వయ్యారిభామను మళ్లీ లేవనివ్వవు. తంటెం లేత ఆకు కూరకు కూడా పనికివస్తుంది.

తుంగ, గరికల విషయంలో పని మొదలుపెట్టవలసిన కాలం వానాకాలం కాదు, నడి వేసవి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. మా వీధి చివర కౌలుకు కూరగాయలు పండించే పెద్దాయన మొదటి నాడే నాతో, "తవ్వితే తుంగ పోదు సారూ, ఎండకు మాడితేనే పోతది" అన్నాడు. ఏప్రిల్‌లో నేలకు చుక్క నీరు పెట్టకుండా, గడ్డపారతో జానెడు లోతు పెళ్లగించి, పెళ్లలను తలకిందులు చేసి వదిలేయాలి. తుంగ గడ్డలలో ఎక్కువ భాగం ఆ జానెడు లోతులోనే ఉంటాయి. గడ్డ పూర్తిగా ఎండిపోతే అది ఇక మొలవదు. వారం పది రోజులకొకసారి మట్టిని మళ్లీ తిరగేసి, పైకి తేలిన గడ్డలను, గరిక వేళ్లను ఏరి పారేస్తూ ఉండాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మనుషులకు కష్టమైన ఆ ఎండే ఈ పనికి అసలైన కూలి. వానలు పడిన తరువాత ఇదే తవ్వకం తవ్వితే ఫలితం పూర్తిగా తారుమారవుతుంది, ఎందుకంటే తడి మట్టిలో ప్రతి ముక్కా బతుకుతుంది.

ఆకుకూరల మడికి అదనంగా మరొక పని చేశాను. తోటకూర, మెంతి, కొత్తిమీర మొలకల మధ్య నుంచి సన్నని కలుపు ఏరడం చాలా ఓపికతో కూడిన పని. అందుకని ఆ మడి మట్టిని చదును చేసి, బాగా తడిపి, పారదర్శకమైన పలుచని పాలిథిన్ పట్టాను నేలకు అంటుకునేటట్లు పరిచి, అంచులను మట్టితో కప్పేశాను. మే నెల ఎండకు ఆ పట్టా కింద పై పొర మట్టి 50 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలు అలా ఉంచితే పై పొరలోని కలుపు విత్తనాలలో చాలావరకు, వాటితోపాటు నారుకుళ్లు కలిగించే శిలీంధ్రాలు కూడా నశిస్తాయి. దీనికి పట్టా రంగు లేకుండా పారదర్శకంగానే ఉండాలి, నల్ల పట్టాతో అంత వేడి రాదు. లోతుగా ఉన్న తుంగ గడ్డలకు మాత్రం ఈ వేడి చాలదు. పట్టా తీశాక మడిని లోతుగా తవ్వకూడదు. తవ్వితే కింద బతికి ఉన్న గింజలు పైకి వస్తాయి.

మిగిలిన స్థలాన్ని రెండు భాగాలు చేశాను. ఒక భాగంలో వెలుతురును అట్టలతో ఆపాను, మరొక భాగంలో పైరుతో ఆపాను. అట్టపెట్టెలకు ఉన్న టేపు, పిన్నులు, మెరిసే కాగితం తీసేసి, ఒకదాని అంచు మరొకదాని మీద జానెడు ఎక్కేటట్లు పరచి, నీళ్లతో తడిపి, పైన చివికిన పశువుల ఎరువు, దాని పైన ఎండుటాకులు, వరిగడ్డి మందంగా వేశాను. అంచుల మధ్య వేలెడు సందు మిగిలినా గరిక అందులోంచి తల పెడుతుంది. తుంగ మొలక సూదిగా ఉంటుంది కాబట్టి నానిన అట్టను పొడుచుకొని కూడా వస్తుంది, వచ్చిన ప్రతిసారీ తీసివేస్తూ ఉంటే గడ్డలోని నిల్వ తరిగి క్రమంగా బలహీనపడుతుంది. ఎర్ర నేలలలో ఈ పద్ధతికి ఉన్న ఇబ్బంది చెదలు. ఎండిన అట్ట, ఎండిన ఆకు ఉన్నచోటికి అవి తప్పక వస్తాయి. అట్టల కింద వేపపిండి చల్లడం, పై పొరను తేమగా ఉంచడం వల్ల మా దగ్గర అవి మొక్కల జోలికి రాలేదు.

రెండవ భాగంలో మృగశిర కార్తె వానలకు కిలో జనుము విత్తనాలు ఒత్తుగా చల్లాను. ఎకరానికి వేసే మోతాదును మొత్తం 200 గజాలకు లెక్కగడితే దాదాపు అంతే, స్థలంలో సగానికే వేశాను కాబట్టి మామూలు కంటే రెట్టింపు ఒత్తు అయింది. జనుము వేగంగా లేచి నేలను కప్పేస్తుంది, దాని నీడలో గరిక పాలిపోతుంది. దాని వేరు బుడిపెలలోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. పూత మొదలైన దశలో, అంటే విత్తిన నలభై అయిదు రోజులకు అటూ ఇటూగా, మొక్క ఇంకా లేతగా ఉండగానే కోసి మట్టిలో కలిపేయాలి. ఆలస్యం చేస్తే కాడ నారగా మారి చివకడానికి చాలా కాలం పడుతుంది. జీలుగ, పిల్లిపెసర కూడా ఈ పనికి వస్తాయి, అయితే నీరు నిలవని మా చెలకకు జనుమే తగినదని నా అభిప్రాయం.

ఎరువు గురించి ఒక హెచ్చరిక అవసరం. పచ్చి పేడను నేరుగా మడిలో వేయకూడదు. అందులో కలుపు గింజలు ఉంటాయి, వేరు పురుగు కూడా దాని వెంట వస్తుంది. చేతిలోకి తీసుకుంటే వాసన రాకుండా, పొడిపొడిగా, నల్లగా రాలే ఎరువే వాడాలి. దానికి తోడు జీవామృతం. ప్రకృతి సేద్య ప్రచారకుడు సుభాష్ పాలేకర్ చెప్పిన మోతాదు ఎకరానికి 200 లీటర్ల నీటికి 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. 200 గజాల వారికి 10 లీటర్లు చాలు: అర కిలో పేడ, అర లీటరు మూత్రం, నూరు గ్రాముల బెల్లం, నూరు గ్రాముల శనగపిండి. నీడలో ఉంచి రోజుకు రెండు పూటలా కర్రతో కలుపుతూ రెండు రోజులు మాగనిచ్చి, తడి నేల మీద పోయాలి. ఎండిన నేల మీద, ఎండ వేళ పోస్తే అందులోని సూక్ష్మజీవులు బతకవు, చేసిన శ్రమంతా వృథా అవుతుంది.

మడులను నాలుగడుగుల వెడల్పుతో, రెండు వైపుల నుంచీ చేయి నడిమికి అందేటట్లు కట్టాను. మధ్య దారులను కూడా బోసిగా వదలక ఎండుటాకులతో నింపాను. ఒకసారి కట్టిన మడి మీద కాలు పెట్టకూడదు, తొక్కిన నేల మళ్లీ గట్టిపడితే గరికకే అనుకూలం. బెండ, గోరుచిక్కుడు, అలసంద వానాకాలపు తొలి పంటలు. జనుము కలిపిన చోట అది చివికిన తరువాత వంగ, టమాట, మిరప నారు నాటాను. ఉత్తరపు వైపు పందిరి వేసి బీర, సొర, దొండ పాకించాను, దక్షిణాన వేస్తే దాని నీడ మడుల మీద పడుతుంది. చిక్కుడును వానాకాలంలోనే పెట్టినా, పగటి పొద్దు తగ్గితే తప్ప అది పూయదు. తీగ గుబురుగా పెరిగి కాయడం లేదని కార్తీకానికి ముందే పీకేసేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది.

పురుగులు వస్తాయి, వాటి గురించి దిగులు పడనవసరం లేదు. వంగలో వాడి వేలాడే మొవ్వు కనబడితే లోపల తొలిచే పురుగు ఉన్నట్లే, ఆ కొమ్మను అంగుళం కిందికి తుంచి నాశనం చేస్తే కాయల వరకు రాదు. బెండ ఆకు ఈనెలు పసుపు పచ్చగా మారితే అది తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్, ఆ మొక్కను వెంటనే పీకేయడం తప్ప మార్గం లేదు. మిగతా మొక్కల మధ్య పసుపు రంగు జిగురు అట్టలు వేలాడదీయాలి. లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పప్పును దంచి రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కొద్దిగా కుంకుడు రసం కలిపి సాయంత్రం వేళ పిచికారీ చేస్తే పేనుబంక, లేత పురుగులు అదుపులో ఉంటాయి. ఎండలో చల్లితే దాని శక్తి త్వరగా తగ్గిపోతుంది. ఇలా మందులు లేకుండా పండించడం పెరటికి మాత్రమే సాధ్యమని కొందరు అంటారు. మాకు దగ్గరలోనే, జనగామ జిల్లా లింగాల ఘనపురం మండలంలోని ఏనబావిలో ఊరు ఊరంతా రసాయన ఎరువులూ, పురుగుమందులూ మానేసి సేద్యం చేసి చూపింది. ఊరికి సాధ్యమైనది 200 గజాలకు సాధ్యం కాకపోదు.

ఒక విషయం మాత్రం చాలామంది పట్టించుకోరు. మడిలో విత్తకుండా మొలిచేదంతా కలుపు కాదు. తొలకరి తరువాత మా మడులలో గంగవాయిలి, గలిజేరు, చెంచలాకు వాటంతట అవే లేచాయి. మా అత్తయ్య వాటిని చూడగానే కొంగు పట్టి కోసుకొని, గంగవాయిలి పప్పు, చెంచలాకు వేపుడు చేసి పెట్టింది. జహీరాబాద్ ప్రాంతంలో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల మహిళలు విత్తకుండానే పొలంలో దొరికే ఇలాంటి కూరాకులను ఎన్నింటినో పేరు పేరునా గుర్తుపడతారు, వాటిని కాపాడతారు. గడ్డి మందు కొట్టే పొలంలో మొదట మాయమయ్యేవి ఇవే. పేదింటి పళ్లెంలోకి ఖర్చు లేకుండా వచ్చే కూరను చేతులారా చంపుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. అందుకే కలుపు తీయడానికి వచ్చే మనిషికి నేను ముందుగా ఈ మూడు మొక్కలను చూపించి, వీటిని ముట్టుకోవద్దని చెబుతాను.

ఇక మిగిలినది సరిహద్దు. పక్క ప్లాటు ఇప్పటికీ గడ్డితోనే ఉంది కాబట్టి గరిక ప్రతి వానకూ గోడ కింది నుంచి మా వైపు పాకుతుంది. ఆ అంచు పొడవునా జానెడు లోతు కాలువ తీసి, దానిలోకి వేలాడిన గరిక తీగలను వారానికొకసారి కొడవలితో కోసి తీసేస్తున్నాను. కాలువ ఇవతలి గట్టున ఒత్తుగా నిమ్మగడ్డి, దాని వెనుక వరుసగా బంతి నాటాను. నిమ్మగడ్డి దుబ్బుల వేళ్లు, వాటి నీడ కలిసి గరికకు అడ్డుకట్ట అవుతాయి. బంతి వేళ్లు టమాటకు హాని చేసే నులిపురుగులను తగ్గిస్తాయి. ఈ వేసవిలో ఆ పక్క ప్లాటు యజమానిని అడిగి, గోడ వెంట మూడడుగుల మేర జనుము చల్లుకోవడానికి అనుమతి తీసుకోవాలని అనుకుంటున్నాను. ఖర్చు నాదే, కోసిన ఆకు కూడా ఆయన స్థలంలోనే పరిచి వస్తాను.