ఖమ్మం పేరు చెప్పి మన పిల్లలకి టీకా ఆపేయకండి

మా గుంటూరు బ్రాడీపేటలో ఎవరన్నా ఆడపిల్లకి హెచ్‌పీవీ టీకా, అంటే గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ రాకుండా వేసే టీకా, వేయిద్దామా అంటే చాలు, పక్కనుంచి ఒకరు "అమ్మో, ఖమ్మంలో పిల్లలు చచ్చిపోయారంటగా" అంటారు, ఇంక మాట అక్కడితో ఆగిపోద్ది. ఆ భయం ఊరికే పుట్టింది కాదు కాబట్టి అసలేం జరిగిందో రాస్తున్నా.

2009లో, అప్పటికి ఉమ్మడి రాష్ట్రమే, ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకి గార్డాసిల్ అనే హెచ్‌పీవీ టీకా వేశారు, పాత్ అనే అమెరికా సంస్థ, కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి. గుజరాత్‌లో వడోదర వైపు కూడా ఇలాంటిదే నడిచింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు, 2010 ఏప్రిల్‌లో మొత్తం ఆపేశారు. విచారణలో పాము కాటు, నీళ్ళలో మునగడం, పురుగుమందు, జ్వరం ఇలాంటి కారణాలు బయటపడ్డాయి గానీ టీకా వల్లే పోయారని తేలలేదు. తేలిన తప్పు వేరే ఉంది, హాస్టల్లో ఉండే గిరిజన పిల్లలకి అమ్మానాన్నల్ని అడక్కుండా వార్డెన్ల చేత సంతకాలు పెట్టించేశారు. 2013లో పార్లమెంటు కమిటీ కూడా దీన్ని గట్టిగా తప్పుపట్టింది. నాకైతే ఇప్పటికీ కోపమొస్తది, ఆ తల్లిదండ్రులకి ఒక్క మాట చెప్పి ఉంటే ఇన్నేళ్ళ భయం మనకి మిగిలేది కాదు. అంటే మనం నేర్చుకోవాల్సింది డాక్టర్ని కూర్చోబెట్టి అన్నీ అడగాలని, టీకా మానేయాలని కాదు.

నేను కొత్తపేటలో మా గైనకాలజిస్ట్‌ని అలాగే అడిగాను. హెచ్‌పీవీ అనే ఈ వైరస్ ఎక్కువగా లైంగిక సంబంధం వల్ల వస్తది, చాలామందికి ఒకటి రెండేళ్ళలో దానంతటదే పోద్ది, పోకుండా ఉండిపోతే పదిహేను ఇరవై ఏళ్ళకి గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ అవ్వొచ్చు. ఈ క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి ఆ వైరస్‌లో 16, 18 అనే రెండు రకాలే కారణం, టీకా వాటినే అడ్డుకుంటది. కండోమ్ రిస్క్ తగ్గిస్తది గానీ ఆ భాగాల్లో చర్మం తాకినా అంటుకునే వైరస్ కాబట్టి పూర్తిగా ఆపలేదు. సిగరెట్, చుట్ట తాగేవాళ్ళలో వైరస్ తొందరగా పోదు.

"పెళ్ళి కాని పిల్లకి ఇప్పుడే ఎందుకు" అని మా అత్తయ్య గారు అడిగారు. ముందే వేస్తేనే పని చేస్తదండి, వైరస్ ఒంట్లోకి వచ్చాక టీకా దాన్ని తీసెయ్యలేదు, అందుకే 9 నుంచి 14 ఏళ్ళు అంటారు. స్కాట్లాండ్‌లో 12, 13 ఏళ్ళకే టీకా వేయించుకున్న ఆడవాళ్ళలో ఈ క్యాన్సర్ ఒక్క కేసు కూడా రాలేదని 2024లో బయటపెట్టారు, అది చెప్పాక ఆవిడ ఇంకేం అనలేదు. మన దగ్గర సీరమ్ కంపెనీ వాళ్ళ హెచ్‌పీవీ టీకా సెర్వావాక్ 2023 నుంచి దొరుకుతుంది, అబ్బాయిలకి కూడా వేయించొచ్చు. ఈ టీకా 14 ఏళ్ళ వరకు అయితే ఆర్నెల్ల తేడాతో రెండు డోసులు, 15 నుంచి అయితే మూడు.

ఇంక మనం, అంటే అమ్మలం. మన దేశంలో 2022లో సుమారు 80 వేల మంది ఈ క్యాన్సర్‌తో పోయారని అంచనా, వాళ్ళలో చాలామంది డాక్టర్ దగ్గరికి ఆలస్యంగా వచ్చినవాళ్ళే. ముప్పై దాటాక టెస్ట్ చేయించుకోండి, గర్భాశయ ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పాప్ స్మియర్ గానీ, వైరస్ ఉందేమో చూసే హెచ్‌పీవీ డీఎన్‌ఏ టెస్ట్ గానీ. ఇవేవీ లేనిచోట కూడా వెనిగర్ లాంటి మందు గర్భాశయ ముఖద్వారం మీద దూదితో రాసి ఒక నిమిషం ఆగి చూస్తారు, తేడా ఉన్న చోట తెల్లగా మారుద్ది. నేను చేయించుకున్నా, కాస్త ఇబ్బందిగా ఉంటది తప్ప పెద్ద నొప్పేం లేదు, చీర కుచ్చిళ్ళు సర్దుకునేలోపే అయిపోయింది. టీకా వేయించుకున్నవాళ్ళకి కూడా ఈ టెస్టులు తప్పవు, ఎందుకంటే టీకాలో లేని రకాలు కూడా ఉన్నాయి.

పిల్లని తీసుకెళ్ళేటప్పుడు టిఫినో అన్నమో పెట్టి తీసుకెళ్ళండి, ఈ వయసు పిల్లల్లో కొంతమందికి సూది వేస్తే కళ్ళు తిరుగుతాయి, వేశాక పావుగంట అక్కడే కూర్చోబెట్టండి. చెయ్యి ఒకట్రెండు రోజులు నొప్పి ఉంటది. రెండో డోసు తేదీ అక్కడే కార్డు మీద రాయించుకోండి.