జడ్జ్ కాదని తెలిసినా కొన్నాను

మిషిగన్‌కు వచ్చినప్పటి నుంచి ఏటా ఆగస్టులో పాత కార్ల ఊరేగింపు వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ చూస్తున్నాను. అక్కడ పాంటియాక్ కంపెనీ పాత కారు జీటీవో టాప్ దించుకుని వెళ్తుంటే నా కళ్లు దాని వెంటే పోతాయి. పోయినేడు కొనేద్దామని గట్టిగా అనుకున్నాను.

ఒకాయన 1969 జీటీవో జడ్జ్ (జీటీవోలోనే ప్రత్యేక రకం) కన్వర్టిబుల్, అంటే టాప్ దించుకునే కారు, అని అమ్మకానికి పెట్టాడు. ఎర్ర రంగు, చారలు, వెనక రెక్క, అన్నీ ఉన్నాయి. ఆ ఏడాది మామూలు జీటీవో కన్వర్టిబుల్స్ ఏడు వేలకు పైగా తయారైతే, జడ్జ్‌లు 108 మాత్రమే. ధరలో తేడా కూడా చాలా ఉంటుంది. అందుకే టెన్షన్.

ముందు అద్దం కింద ఉన్న విన్ నంబరు, అంటే కారు గుర్తింపు నంబరు, చూశాను. 242 అంటే జీటీవో, 67 అంటే కన్వర్టిబుల్, 9 అంటే 1969, పి అంటే పాంటియాక్ ఊళ్లోని ఫ్యాక్టరీ. అంతవరకు నిజమే. కానీ జడ్జ్ అనేది ఆప్షన్ ప్యాకేజీ కాబట్టి విన్‌లో కనపడదు. చారలూ రెక్కా ఎవరైనా ఎప్పుడైనా బిగించుకోవచ్చు.

పాత పాంటియాక్ కార్ల రికార్డులు ఉండే పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్‌కు నంబరు పంపించి ఫ్యాక్టరీ బిల్లు కాపీ తెప్పించాను. ప్రతి లైనూ రెండుసార్లు చదివాను. జడ్జ్ అన్న మాటే లేదు. ఆటోమేటిక్ గేర్లు, రంగు లైమ్‌లైట్ గ్రీన్. ఇంజిన్ బ్లాక్ ముందు వైఎస్ అని ఉంది, అంటే ఆటోమేటిక్‌తో వచ్చే 350 హార్స్‌పవర్, 400 క్యూబిక్ అంగుళాల ఇంజిన్. జడ్జ్‌కు కనీసం 366 హార్స్‌పవర్ రావాలి. అమ్మేవాడి ముందు కాగితం పెడితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత జడ్జ్ ధర వదిలేశాడు.

అయినా వదలబుద్ధి కాలేదు. కన్వర్టిబుల్‌కు గట్టి పైకప్పు ఉండదు కాబట్టి బండి బిగువు ఎక్కువగా ఛాసిస్ మీదే ఆధారపడుతుంది. ఇక్కడి చలికాలపు ఉప్పు దాన్నే తినేస్తుంది. కారు కిందికి దూరి వెనక చక్రాల దగ్గర స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశాను, గట్టిగా ఉంది. తలుపులు తెరిచి మూస్తే ఎక్కడా పట్టేయలేదు. నేల రేకుకు మాత్రం రెండుచోట్ల అతుకులున్నాయి.

ఇంట్లో చెబితే మా ఆవిడ అడిగింది: "ఆ ఎరుపు కింద మొదటి రంగు ఇంకా ఉందాండీ?"

మర్నాడే వెళ్లి డిక్కీ చుట్టూ ఉన్న రబ్బరును ఒక మూల మెల్లగా పైకి లేపాను. కింద వేలెడు మేర నిమ్మకాయ రంగులో ఆకుపచ్చ. బిల్లులో ఉన్న రంగే. అక్కడే అడ్వాన్సు ఇచ్చేశాను.

ఇప్పుడు గ్యారేజీలో ఎర్ర పెయింటు గీకుతున్నాను. చారలు ముందే తీసేశాను.